చిట్టా

మూడు డాలర్ల నోటుబుక్కు.
అట్ట మీద కంగారూ ఉండేది,
చెమట చేతులకి తోక చెరిగిపోయింది.
లోపల నా కాళ్ల పద్దులు.

"జులై తొమ్మిది, మంగళవారం. వెండూరీ చెరువు చుట్టూ ఒకసారి,
ఆరు కిలోమీటర్లు. గడ్డంతా తెల్లగా గడ్డకట్టింది.
వేళ్లు ఉన్నాయో లేదో తెలీలేదు.
బోటు షెడ్ల దగ్గర కుడి మోకాలి కింద ఎముక సలుపు.
నిద్ర ఐదు గంటలు. పెసరట్లు రెండు."

ఇంతే. ఇలాంటివే మూడేళ్లు.

రాయమన్నది మెర్ల్ హాన్రహాన్.
డెబ్బై ఒకటి, కొత్త తుంటి,
శనివారం పొద్దున్నే మెడలో విజిల్‌తో దిగుతుంది.
గడియారం రాసుకుంటుంది కదా, అన్నాను.
"అది దూరం రాస్తుంది.
నాలుగో కిలోమీటరు దగ్గర నువ్వెందుకు ఏడ్చావో రాయదు."
ఏడవలేదని చెప్పబోయాను.
ఇంటికెళ్లి పెన్ను పట్టుకుంటే గానీ తెలీలేదు
ఏడ్చానని.

జ్ఞాపకానికి మొహమాటం ఎక్కువ.
ఉప్పులేని కూరని కూడా బాగుందనే చుట్టంలా
"బాగానే పరిగెత్తావులే" అంటుంది.
చిట్టాకి ఆ మర్యాదలు రావు.

ఆ సలుపుకి బూట్లని తిట్టాను,
రెండు జతలు మార్చాను.
బాలరాట్ రోడ్లని తిట్టాను, నా నలభై నాలుగేళ్లని తిట్టాను.
ఒక రాత్రి బస్ డిపోలో, టీ చల్లారిపోతుండగా,
పేజీలు వెనక్కి తిప్పితే
సలుపు, మంగళవారం.
సలుపు, మంగళవారం.
మూడు వారాలు ఏమీ లేదు.
మళ్లీ మంగళవారం.
అంచున నేనే గీకిన చీమతలకాయంత అక్షరాలు:
"ఆదివారం ఓవర్‌టైమ్. సెబాస్టపోల్ రూటు."
స్టాపు స్టాపుకీ బ్రేకు తొక్కిన కుడికాలే
సోమవారం పన్నెండు కిలోమీటర్లు మోసేది.
బిల్లు మంగళవారం వచ్చేది.
చంకలో పిల్లని పెట్టుకుని
ఊరంతా వెతికాను.

మెర్ల్ తన పాత పుస్తకం ఒకటి ఇచ్చింది,
నాకు పుట్టని బుద్ధులన్నీ ఉంటాయనుకున్నాను.
ఒకచోట పేజీన్నర నిండా
"పరిగెత్తలేదు.
పరిగెత్తలేదు.
పరిగెత్తలేదు."
పందొమ్మిది రోజులు, దేనికది, తేదీ వేసి మరీ.
ఒక్క గీత గీసి ఊరుకోవచ్చుగా?
ఆమె విజిల్ తుడుచుకుంటూ
"ఆ నెల నాకు మిగిలిన పని అదొక్కటే, ఆ పుస్తకం తెరవడం" అంది.
అంతకంటే చెప్పలేదు.
నేను అడగలేదు.

ఇంకొకటి. ఇది మెర్ల్‌కి తెలీదు.
మొదటి ఏడు మార్చిలో ఒకరోజు
పది పరిగెత్తి పన్నెండు రాశాను.
ఎవరు చూస్తారు? ఎవరూ చూడలేదు.
కానీ ఆ పేజీ వచ్చినప్పుడల్లా
నా వేళ్లు రెండు పేజీలు కలిపి తిప్పేవి.

నిన్న వాన. చెరువు గట్టున
ఒక నల్లహంస దారికడ్డంగా నిలబడి బుస్సుమంది.
మెడ దించేదాకా ఆగాను.
"నాలుగు నిమిషాలు హంస" అని రాసుకున్నాను.
రాస్తూ రాస్తూ ఆ మార్చి దాకా వెనక్కి వెళ్లి
పన్నెండు కొట్టేసి పది వేశాను.

మొత్తంలో రెండు తగ్గాయి.
కింద కూడిక మళ్లీ చేయాలి,
మూడేళ్లది.
రేపు చేస్తాను, తెల్లారి షిఫ్టు ఉంది.