కాఫీ డబ్బాలో నూనె

కూహ్మో దాటి నలభై కిలోమీటర్లు.
మైనస్ ఇరవై ఎనిమిది.
స్ప్రూస్ చెట్టును కౌగిలించుకున్న యంత్రం
కౌగిలించుకున్నట్టే ఆగిపోయింది.
మానును లోపలికి లాగాల్సిన ముళ్ళ రోలరు
రెండు చుట్లు తిరిగి, మూడో చుట్టు దగ్గర
నీళ్ళు నమిలింది.

డ్రైవరు సైమి క్యాబిన్ దిగి ఏమీ అనలేదు.
ఈ అడవిలో మొదటి మాట ఎప్పుడూ చలిదే.

ఇల్మో పీరాయినెన్ వచ్చాడు.
డిక్కీలో రెంచీలు, ఒక ఖాళీ కాఫీ డబ్బా;
పక్క సీట్లో నేను,
పనిలో చేరి పదకొండో రోజు.

"మోటారంటే ఏంటి?" టార్చి నా చేతికిస్తూ అడిగాడు.
నూనెతో తిరిగేది, అన్నాను.
"పంపును తలకిందులు చెయ్యి.
పంపు తిరిగి నూనెను తోస్తుంది,
మోటారును నూనె తోసి తిప్పుతుంది.
డీజిలింజను పడ్డ కష్టమంతా
గొట్టంలో నడిచొచ్చి ఇక్కడ మళ్ళీ చక్రమవుతుంది.
ఎంత నూనె వస్తే అంత వేగం,
ఎంత ఒత్తిడి ఉంటే అంత బలం.
ఈ రెండూ ఒకటేనని చెప్పేవాడు
నీకు పాత మోటారు అంటగడుతున్నాడని అర్థం."

వెనక ఫ్యాను తిప్పేది గేరు మోటారు.
పళ్ళు పళ్ళు కరుచుకున్న రెండు చక్రాలు;
నడుమ దారి దొరకని నూనె
అంచుల వెంట చుట్టు తిరిగి పోతూ
ఒక్కో పన్నునూ నెట్టుకుంటూ పోతుంది.
చవక. మొండిది. కాస్త మురికిని మింగి ఊరుకుంటుంది.
"అరుపు మాత్రం మా మామగారిదే," అన్నాడు.

వేన్ మోటారు ఈ బండిలో లేదు.
ఇల్మో కుర్రతనంలో, ఉత్తరాన వార్డో రేవులో,
వల లాగే వించిలో ఉండేదట.
గాడుల్లోంచి పలకలు బయటికొచ్చి
గోడను తడుముతూనే తిరుగుతాయి,
కొత్త ఇంట్లో స్విచ్చి వెతికే వేళ్ళలా.
"ఎంత నెమ్మదంటే,
వల నిండిన సంగతి మోటారు చెప్పేది కాదు,
పడవ ఒరిగి చెప్పేది."
కాసేపు అక్కడే ఉండిపోయాడు. టార్చి నా చేతిలో వణికింది.

రంపానిది నడుం వంగిన మోటారు:
షాఫ్టుకు ఓరగా పిస్టన్ల గుత్తి,
సగం నూనె తాగి సాగుతుంటే
సగం కక్కి ముడుచుకుంటాయి.
నిటారుగా నిలబెడితే తిరగదు.
ఆ వంపులోనే ఉంది దాని పని.

మనకు రోగం చూపించింది మాత్రం రోలరుది.
నక్షత్రంలా పరిచిన పిస్టన్లు,
చుట్టూ అలలు చెక్కిన ఉక్కు వలయం;
ఒక్కో అల వాలును ఒక్కో పిస్టన్ నొక్కుతుంది.
పరుగు రాదు దీనికి. గేరుబాక్సూ అడగదు.
మెల్లగా, చెట్టునంతా, కొమ్మలతో సహా
ఈడ్చుకొచ్చేస్తుంది.

ఇల్మో ఒక సన్న గొట్టం విప్పి
డబ్బాలోకి వంచాడు.
సైమి ఒత్తిడి పెట్టింది. నేను గడియారం చూశాను.

"బాగున్న మోటారు కారకూడదు కదా?
నిండుకుండ తొణకదు..."
"కుండ సంగతి నాకు తెలీదు.
కారని మోటారు ఎండి పట్టేస్తుంది.
కారేదే పిస్టన్‌ను తడిపేది.
ఎంత కారుతోందన్నదే మన గొడవ."

పదకొండు సెకన్లు. డబ్బా అంచు దాటింది.
అందులో వెలుగు పెడితే
ఇత్తడి పొడి, గోధుమ రవ్వంత, మెరిసింది.
"ఇది ఈ రాత్రి పోయింది కాదు," అన్నాడు.

అప్పుడు సైమి నోరు విప్పింది:
"మూడు వారాలుగా
చెట్లే బరువెక్కాయనుకున్నాను."

పొద్దున కాయానీ నుంచి కొత్త మోటారు వచ్చింది.
బిగించాక, తిప్పే ముందు,
దాని కడుపు నిండా మంచి నూనె పోయాలట;
పొడిగా తిరిగితే
మొదటి నిమిషంలోనే ముసలిదైపోతుందట.

నన్నే పోయమన్నాడు.
చలికి తేనెలా చిక్కబడిన నూనె
తీగ తెగకుండా దిగుతోంది.
"తొందరపడకు," అన్నాడు,
ఆ డబ్బానే మంచుతో తోమి
కాఫీకి నీళ్ళు పెడుతూ.