ఆ కాపీ మాత్రం అమ్మను

గొడుగు అక్కడ ఆనించండి, పుస్తకాల మీద కాదు.
త్బిలిసిలో వాన పడితే
సగం ఊరు ఈ సొరంగదారిలోకి దిగొస్తుంది.
కొందరు నా దగ్గర నిలబడతారు,
మిగతావాళ్ళు పక్కన మేజోళ్ళమ్మే గులికో దగ్గర.

ఏం కావాలన్నారు?
కుటుంబం కథ. ఈమధ్య రాసింది.
కానీ మా ఇల్లులా ఉండకూడదు.
అందరూ ఇదే అంటారండీ.
అని, అన్నీ తిరగేసి,
చివరికి వాళ్ళింటి తలుపు గొళ్ళెమే
వెతికి పట్టుకుపోతారు.

ఈ నీలం అట్టది చూడండి.
ముగ్గురు తోడికోడళ్ళు, ఒకటే ఫ్రిజ్.
నాలుగొందల పేజీలు, ఒక్క హత్యా లేదు.
అయినా రెండో అరలో జున్ను
ఎవరిది ఎవరు కోశారన్న దగ్గర
నాకు ఊపిరాడలేదు.

ఇందులో తండ్రికి నది అవతల ఇంకో కాపురం.
రెండిళ్ళకీ ఒకే రంగు కర్టెన్లు,
తాను మొత్తం కొంటే చవకట.
ఆ ఒక్క వాక్యం కోసమే పదిమందికి అంటగట్టాను.
తొమ్మండుగురు మళ్ళీ వచ్చారు.
పదో ఆయన రాలేదు.
ఆయనకి ఇవ్వకుండా ఉండాల్సింది.

మందిచ్చేవాళ్ళు నాడి చూస్తారు.
నేను ఒకటే అడుగుతాను:
మీ ఇంట్లో ఎవరి ఫోనొస్తే ఎవరూ ఎత్తరు?
పేరు చెప్పక్కర్లేదు.
మీ చూపు ఎటు జారిందో
ఆ వైపు అరలోంచి తీసిస్తాను.

ఇంటింటికీ మట్టిపొయ్యే.
ఇక్కడ గ్యాసు పొయ్యిలనుకోండి, మసి మాత్రం అదే.
కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని
మనం నోరు కట్టుకుంటామా,
ఈ నవలలు రాసేవాళ్ళు శుభ్రంగా చించుకుని
పేజీకో నెంబరు వేస్తారు.

నా సంగతా?
అమ్మ పోయాక ఫ్లాటు మధ్యలో ప్లైవుడ్డు కొట్టించాం,
నేనూ మా తమ్ముడు జుంబెరూ.
కిటికీ వాడి వైపు పడింది, కుళాయి నా వైపు.
ఆరేళ్ళు నడవాలోంచి బకెట్లు మోశాడు.
వాడి దగ్గులన్నీ నాకు తెలుసు:
పొగాకు దగ్గు, జ్వరం దగ్గు,
నేనింకా ఉన్నానని చెప్పే దగ్గు.
మాటే, ఎలా ఉండేదో మర్చిపోయాను.

పోయిన మార్చిలో ఒక నవల చదివాను.
ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒక పియానో, ఒక కోర్టు.
రెండోసారి కూడా చదివి
వాడి బూట్ల మీద పెట్టొచ్చాను.
చీటీ రాయలేదు.
ఊరందరికీ సిఫార్సు చేసే నోటికి
ఒక్క వాక్యం దొరకలేదు.

నలభై ఏడో పేజీలో నవ్వాలి.
మూడు రాత్రులు ప్లైవుడ్డుకి చెవి ఆనించి కూచున్నాను,
టీ చల్లారిపోతుంటే.
నవ్వలేదు.
నాలుగో రాత్రి ముక్కు చీదిన చప్పుడు.
జలుబేమో. ఆ నెల అలాంటిది.

వారానికి పుస్తకం
నా చెప్పుల మీదికి తిరిగొచ్చింది,
ఒక పేజీ మూల మడిచి.
కోర్టు దగ్గర కాదు.
క్షమించమని రాసిన ఉత్తరం దగ్గరా కాదు.
వాళ్ళమ్మ రేగుపళ్ళ పచ్చడిలో ఉప్పు మర్చిపోతే
ఎవరూ చెప్పకుండా తినేస్తారే,
ఆ పేజీ.

మా అమ్మకి ఉప్పు ఎక్కువేసే అలవాటు.
అయినా.

మాట్లాడుకున్నామా అంటారా? లేదు.
కానీ నా కుళాయి నుంచి ఒక రబ్బరు గొట్టం
ప్లైవుడ్డు కింది సందులోంచి అవతలికి పోయింది.
ఎవరు తోశారో అడక్కండి.

మీరు ఆ ఫ్రిజ్ నవల తీసుకోండి.
ధర తగ్గిస్తాను, వెనక అట్ట తడిసింది,
మీ గొడుగు పుణ్యమే.
ఇదా? ఊఁహూఁ.
ఆ కాపీ మాత్రం అమ్మను.
కావాలంటే చదివి తెచ్చివ్వండి,
మడత విప్పకుండా.