పది బోల్టులు

డిప్‌స్టిక్ గుంజి జూస్తే
నూనె కాదు, పాలెక్కువైన చాయ.
మూడు లక్షల తొంభై వేలు తిరిగిన ఇండికా
కాశిబుగ్గల మా రేకుల కింద
నోరు తెరుసుకొని నిలవడ్డది.

"షెడ్డోడు పద్దెనిమిది వేలన్నడు" అనుకుంట
ఓదెలు చిన్నాయిన అంగీ ఇప్పిండు.

బిస్కెట్ల అట్టకు పది బొక్కలు పొడిచి
ఏ బోల్టు ఎక్కడిదో నంబరేసి గుచ్చుడు నా పని.
ఇప్పేటప్పుడు అంచులకెల్లి నడిమికి,
బిగిచ్చేటప్పుడు నడిమికెల్లి అంచులకు.
తప్పితే హెడ్డు వంగుతదట.
ఏడోది మొండికేసింది.
డీజిల్ పోసి, తిట్టి, పైపు తొడిగి
ఇద్దరం ఏలాడినంక
కుయ్యిమన్నది.

పాత గ్యాస్కెట్
రెండో సిలిండరుకు మూడోదానికి నడుమ
చిటికెనవేలు గోరంత కాలింది.
గంతే.
గా సందులకెల్లే
ఎండకాలమంత నీళ్లు తాగింది బండి.
"ములుగు దవాఖానకు పోయిన రాత్రి మాత్రం ఆగలే"
చిన్నమ్మ చాయ గిలాసలు వెట్టి పోయింది.

బ్లేడుతోని గీకుడు.
స్కేలు నిలవెట్టి, కింద వెలుగు సొరవడ్తుందా అని
ఒక కన్ను మూసి చూసుడు.
కరెంటు పోయింది.
సెల్లు లైటు నా పండ్ల నడుమ.

లతీఫ్ మామ దగ్గర బదులు తెచ్చిన టార్క్ రెంచి
బిగువు సరిపోంగనే టక్కుమంటది,
చిన్నమ్మ మెటికలు ఇరిసినట్టు.
మూడు సుట్లు. ముప్పై టక్కులు రావాలె.
నా లెక్కకు ఇరవై తొమ్మిదే.

చెప్పాల్నా?
చెప్పిన.
కాజీపేట దిక్కు గూడ్సు కూత ఆగేదాక
ఏమనలే.
చేతులు లుంగీకి తుడుసుకొని
రెంచి మళ్ల ఒకటో బోల్టు మీద వెట్టిండు.

నాలుగోది
ఇంకో పావు తిరిగింది.