తవుడికి కొన్న పేరు

మా తాత తండ్రివి
మా ఇంట్లో మిగిలినవి రెండే.
పన్నెండు రూపాయల ప్రోనోటు మీద నల్లటి బొటనవేలు,
నీచు వాసనేసే ఒక మాట.

వేలి పక్కన షావుకారి గుమస్తా రాత:
'యిది గురుగుబెల్లి తవిటయ్య నిశాని.'

ముందు పుట్టిన ముగ్గురూ పొత్తిళ్లలోనే పోయారట.
నాలుగోవాణ్ని మంత్రసాని చేటెడు తవుడిచ్చి కొనుక్కుని
"ఓలమ్మా, ఈ గుంటడు నీవోడు కాడు, నావోడు.
నువ్వు పాలిచ్చి పెంచు, అంతే" అందట.
చావుకి లెక్క తప్పించడానికి
మావాళ్లకొచ్చిన గణితం అది.
ఇరవై మూడేళ్లో ఇరవై నాలుగేళ్లో పనిచేసింది.

ఆ మధ్యలో ఒక రాజు పోయి ఇంకో రాజొచ్చాడు.
ఢిల్లీలో దర్బారు జరిగింది.
ఎక్కడో మొదలైన యుద్ధాన్ని
గార దగ్గర మా ఊరు
కోక ధర చూసి గుర్తుపట్టింది.

వంశధార చేలమీద ఇసక మేటేసిన ఏడు
తవిటయ్య వేలికి సిరా పూశారు.
కలింగపట్నంలో స్టీమరు ఒడ్డుకి రాదు,
పడవమీద పోయి ఎక్కాలి.
పడవ చిన్నదయ్యేదాకా నీలమ్మ ఇసకలో నిలబడిందట,
నోట్లో అడ్డపొగ,
నిప్పు లోపలివైపు.

రంగంలో బియ్యం మిల్లు.
అక్కడ తవుడు బస్తాలు మోసేవాడు.
లేదు, ఇది ఎవరూ చెప్పలేదు.
మిల్లులో పని అని మాత్రమే తాత అన్నాడు.
తవుడు బస్తాలు ఆ వీపుమీద పెట్టినవాణ్ని నేనే.
పేరు తన బాకీ వసూలు చేసుకుందని
రాసుకోవాలనిపించింది.
బరువు ఆయనది, ఉపమానం నాది.

కొడుకు పుట్టాడన్న కబురు అందుకుని వచ్చాడు.
గాలిజ్వరం కూడా ఆ నెలలోనే వచ్చింది.
ఎవరు ఎవరిని వెంటబెట్టుకొచ్చారో
ఊళ్లో చాన్నాళ్లు గుసగుసలాడుకున్నారు.
తొమ్మిది రోజులు.
పాడె పట్టడానికి నలుగురు దొరకలేదు,
ఇద్దరూ ఒక నిచ్చెనా సరిపెట్టారు.

నీలమ్మ ఊడ్పులకెళ్లి, కోతలకెళ్లి
ఏడేళ్లకి అసలూ వడ్డీ తీర్చింది.
'చెల్లు' అని అడ్డంగా రాయించుకుని
కాగితం తెచ్చి దూలంలో దోపింది.
అప్పు తీరబట్టే ఆ వేలు మాకు దక్కింది.

ఇక ఆ మాట.
ఎండుచేపల బుట్ట మూత తీస్తే
నీలమ్మ "నప్పి కంపు" అనేదట.
తాతా అనేవాడు. మా నాన్నా అనేవాడు.
అది ఏ దేశపు మాటో
మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

మొన్న శ్రీకాకుళం బజార్లో
సావిడాయల గంప దగ్గర నా నోటంటా వచ్చేసింది.
"ఏటి బాబూ, ఏటన్నావు?" అంది గంపామె.

ఏం లేదమ్మా అన్నాను.
తూకం వెయ్యమన్నాను.