నాకాపురం పట్టణ చరిత్ర, రెండు పేజీలు

కమిషనర్ సారు రెండు పేజీలు చాలన్నడు,
కొత్త ఆఫీసు గోడకు ఫ్లెక్సీలో పట్టాలె.
నల్లా బిల్లులు వసూలు చేసేటోణ్ణి,
గడప గడప తెలిసినోణ్ణని నాకే అంటగట్టిండు.

నాకా మీదనే పుట్టింది ఊరి పేరు.
తుంగభద్ర ఇవతల నిజాం, అవతల ఇంగ్లీషోళ్లు,
నడుమ కరోడ్గిరి కచేరి:
నాలుగు రాతికంబాలు, ఒక తక్కెడ.
ఇప్పుడందుల బ్లీచింగ్ పౌడర్ బస్తాలు, చక్రం ఊడిన చెత్తబండ్లు.
తక్కెడ కొక్కెం మాత్రం దూలానికి అట్లనే ఉంది.
చీమలకు భయపడి
జవాను ఫకీరప్ప దానికి సద్దిగిన్నె తగిలిస్తడు.

రెండువేల తొమ్మిది వరదకు రిజిస్టర్లన్నీ నానినయ్.
నాకు ముందు పనిచేసిన సవారన్న
మిద్దె మీద అప్పడాల లెక్క ఎండబెట్టిండట.
ఒక్కటి దక్కింది.
ఉర్దూ నాకు రాదు, ఖాసీంబీ టీచరమ్మను బతిమాలిన.
ఆమె అద్దాలు తుడుచుకొని చాలాసేపు చూసి చెప్పింది:
పేర్లు కొట్టుకపోయినయ్ బాబూ,
జుర్మానాలు మిగిలినయ్.
ఆరణాలు. రూపాయి పావలా. మళ్ల ఆరణాలు.
ఒక్క వరుసల మాత్రం
పైసల గడి ఖాళీగ ఉంది.

మగ్గాల గేరిల సుంకులమ్మ కండె చుట్టుకుంట చెప్పింది:
"మా జేజి తొమ్మిది చీరలు
ఒకదాని మీదొకటి కట్టుకొని పుట్టి ఎక్కేదంట.
పోయేటప్పుడు గుమ్మి, వచ్చేటప్పుడు పుల్ల.
నాకా మున్షీకి ఎర్కలేదనుకున్నవా?
'ఈ ఊరి ఆడోళ్లకు సంతనాడే నెలలు నిండుతయ్ ఎందుకో'
అనుకుంట మొకం తిప్పుకునేటోడు.
ఆయన పెండ్లానికి పదో చీర ముట్టేది గద!"
నవ్వింది. నవ్వు ఆగినాక
చెయ్యి గూడ ఆగింది.
"ఒకనాడు పుట్టి మునిగింది.
జేజికి ఈతొస్తది.
తొమ్మిది చీరలకు రాదు గద."

యాభైఆరుల గీత చెరిపిండ్రు,
పద్నాలుగుల మళ్ల గీసిండ్రు.
రెండుసార్లూ ఏరు తల తిప్పి చూడలె.
ఎండకాలం కురువ మద్దిలేటి గొర్లు
మడుగుల నీళ్లు తాగుతయ్, తల ఒక రాష్ట్రంల, తోక ఒక రాష్ట్రంల.
టీకాలేసే డాక్టరు
వాటిని ఎక్కడ రాయాల్నో తెల్వక సిగరెట్టు ముట్టిస్తడు.
బ్రిడ్జి నడుమకు పోతే చాలు,
జేబుల ఫోను ఉలిక్కిపడి
స్వాగతం అంటది, మనం ఎవరి ఇంటికీ పోకున్నా.

ఇవన్ని రాసిస్తే కమిషనర్ సారు ఎర్రపెన్ను తీసిండు.
"దొంగసరుకు ముచ్చట ఎందుకయ్యా?
'వస్త్ర వ్యాపారానికి పేరెన్నిక గన్నది' అని రాయి."
రాసిన.
ఆ వాక్యం కింద ఒక వరుసంత జాగా
ఇడిసిపెట్టుమని డీటీపీ పిల్లగానికి చెప్పిన.

తెల్లారి ప్రూఫ్ చూస్తే, ఆ జాగల
పసుపురంగు పువ్వొకటి.
"ఉత్తగ ఉంటే బోడిగ అనిపిచ్చిందన్నా, తీసెయ్యాల్నా?"

ఉండనీ, అన్న.