ఏడు రోజుల గడువు

రాత్రి రెండుంబావుకి ఫోను మూలిగింది.
తరమణిలో, మూడో అంతస్తులో, చలిగదిలో
మా అందరి డిస్కు
నూటికి నూరు నిండింది.

చెప్పుల కోసం తడుముకుంటుంటే
మా ఆవిడ కళ్ళు తెరవకుండానే అడిగింది,
"లారీ వచ్చిందా?"
లేదు, పడుకో.
ఈ ఊళ్ళో నన్ను
ఎండినా లేపుతారు, నిండినా లేపుతారు.

మద్రాసులో మే నెలలో స్వెట్టరేసుకునేవాణ్ణి
నేనొక్కణ్ణేనేమో.
ఫ్యాన్ల హోరులో కూర్చుని ఒక కమాండు కొట్టాను:
ఎవరెవరు, ఎంతెంత.

మొదటి పేరు తేన్మొళి. తొమ్మిది టెరాబైట్లు.
అన్నీ మబ్బులే.
ఈశాన్య గాలి ఏ గంటకి ఏ వీధి మీద
ఎంత కురిసి ఉంటుందో
ముప్పై ఏళ్ళకీ లెక్కగట్టి దాచుకుంది.
బయట బిందెకి టోకెను.
ఇక్కడ నా డిస్కు నిండా వాన.

రెండోది, రిటైరైన చక్రపాణి గారిది.
"వర్ణపటాలు" అని రాసున్న ఫోల్డరు తెరిస్తే
కూతురి వీణ కచేరీ,
నాలుగు నకళ్ళు.
నాలుగోదాంట్లో ఆయన దగ్గు కూడా ఉంది.

జాబితా అట్టడుగున జెరీనా. మొదటి ఏడాది పిల్ల.
రెండొందల మెగాబైట్లు, అంతే.
మూడు రోజులుగా నడుస్తున్న ఆమె లెక్క
చిట్టచివరి వరుస రాయబోయి
చోటు లేక
ఒంటిగంటా యాభైకి కూలిపోయింది.
ఎక్కువ తిన్నవాళ్ళెవరికీ ఏమీ కాలేదు.

తలా ఇంత అని సమంగా కోసెయ్యొచ్చు,
అర నిమిషం పని.
కానీ మా వీధిలో లారీ ఏళుమలై
ఇంటికి నాలుగు బిందెలే పోస్తాడు,
మంచంపట్టిన మనిషున్న కుప్పమ్మాళ్ ఇంటికి మాత్రం ఐదు.
లైన్లో ఎవరూ ఏమీ అనరు.
ఆ అనకపోవడానికి
ఏ మాన్యువల్లోనూ కమాండు లేదు.

సాఫ్ట్ లిమిట్ అంటే
లోపలికొచ్చే ముందు పెద్దాయన గుమ్మంలో దగ్గడం.
హార్డ్ లిమిట్ అంటే గడియ.
రెంటికీ మధ్య ఏడు రోజులు.
ఉత్తరం మొదలెట్టాను: "అందరికీ నమస్కారం..."
అక్కడ ఆగిపోయాను.
మూడో పేరు ఇంకా చూడలేదు కదా.

రూట్.
అంటే నేనే.

ఆ డిసెంబరు వరదకి సర్వర్లు కింది అంతస్తులో ఉండేవి.
మోకాలి లోతు నీళ్ళలో
పచ్చలైట్లు ఒక్కొక్కటే కళ్ళు మూశాయి.
ఇన్నాసి థీసిస్ అందులోనే పోయింది.
చదువు మానేసి కొరియర్ ఆఫీసులో చేరాడు,
ఇప్పటికీ మా గేటు దాకా వచ్చి
కవర్లిచ్చి వెళ్తాడు. లోపలికి రాడు.
అప్పట్నుంచీ ప్రతి ఫైలుకీ రెండో నకలు,
రెండోదానికి మూడోది,
ఎవరికీ చెప్పకుండా పోపులడబ్బాలో డబ్బులా దాస్తున్నాను.
ఏడు టెరాబైట్ల భయం.
కోటా రాసేవాడికి కోటా ఉండదు మరి.
ఎవరూ అడగరు. నేనూ అడుక్కోలేదు ఇన్నేళ్ళూ.

మూడో నకళ్ళు తీసేశాను.
వేలు ఎంటర్ మీద పెట్టి చాలాసేపు కూర్చున్నాకే.
జెరీనా లెక్కని మళ్ళీ మొదట్నుంచి నడపమని పెట్టాను.
కోటా పట్టికలో మొదటి వరుసలో నా పేరు రాసి
ఉత్తరం పంపేసరికి
కిటికీ అవతల రైలు స్తంభాలు తెల్లబడుతున్నాయి.

ఇంకా స్వెట్టరు విప్పలేదు,
తేన్మొళి జవాబు వచ్చేసింది.
ఈ పిల్ల ఎప్పుడు పడుకుంటుందో.
ఒకటే వాక్యం:

"సరే సార్. చెరిపేస్తాను.
ఏ ఏడాది వాన తీసెయ్యమంటారు?"