చొక్కా రంగు

నలభై ఏళ్లు నేను పెదాలకు ఎరుపు వేసి బతికాను.
బేరూత్‌లో, హమ్రా వీధి సినిమా హాళ్ల నుదుటి మీద
ముప్పై అడుగుల హీరోయిన్లు.
నిచ్చెన మీద ఉన్నప్పుడు ఒక్క కన్ను నా చాచిన చేతులంత.
దిగి రోడ్డు దాటితే
అది నన్నే చూసేది.

ఇప్పుడా పని యంత్రాలు చేస్తున్నాయి.
బుర్జ్ హమ్మూద్‌లో, చెప్పుల కొట్టు పైన, నా గదిలో మిగిలినవి
పదకొండు రంగు డబ్బాలు, వణికే కుడిచెయ్యి,
డెబ్బై ఆరు నాటి పత్రికల కట్ట.
చేపలు చుట్టుకోవడానికి కూడా ఎవరూ అడగలేదు.

అందులో ఒక ఫోటో.
కూలిన మేడ ముందు ఒక పిల్లాడు
నెత్తిన పరుపుతో పరిగెడుతున్నాడు.
వాడి వెనక సగం కాలిన సినిమా బోర్డు.
ఆ నవ్వు నాదే,
నా కుంచెదే.
దానికి సగం డబ్బు ఇంకా రావాలి.

పిల్లాణ్ని హీరో కొలతలో గీశాను.
పరుపుకి గులాబీ. ఆకాశానికి సోడా ప్రకటనల నారింజ.
గోడలో ప్రతి గుండు చిల్లు చుట్టూ
బొమ్మల పుస్తకాల్లో పేలుడుకి వేసే పసుపు నక్షత్రం.
చొక్కాకి నీలం,
నిండుగా ఉన్న డబ్బా అదొక్కటే కాబట్టి.

కుర్రాళ్లు వచ్చారు, సెల్ఫీలు దిగారు.
ఆ నక్షత్రాన్ని టీషర్టు మీద అచ్చేద్దాం మాస్టారూ, అన్నాడొకడు.
నాకూ సంబరంగానే ఉంది, అబద్ధమెందుకు.

మూడో సాయంత్రం వజీహా వచ్చింది,
చేతిలో ఉల్లిపాయల సంచీ.
చూస్తుండగానే కరెంటు పోయింది.
జనరేటరు అందుకునేదాకా
చీకట్లోనే చూస్తూ నిలబడింది.

"నీలం కాదు," అంది.
"పసుపు. మీద చిన్న చిన్న బాతులు.
నా చొక్కా అది.
వాడివి ఉతకడానికి నీళ్లు లేక
అమ్మ నాది తొడిగింది.
ఆడపిల్ల చొక్కా అని వీధి చివరిదాకా ఏడ్చాడు.
ఆ ముఖం బాంబులకి పెట్టింది కాదు, నజారెత్ గారూ."

తర్వాత ఏమైందని నేను అడగలేదు.
ఆమె చెప్పలేదు.
సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని
మెట్లు దిగింది.

ఆ రాత్రి నీలం గీకాను.
పసుపు కలిపితే
పేలుడు పసుపే వస్తోంది, మళ్లీ మళ్లీ.
ఒక చుక్క బూడిద, ఇంత తెలుపు,
ఇంకొంచెం తెలుపు:
అక్క ఒంటి మీద రెండేళ్లు వెలిసిన పసుపు.

ఇక బాతులు.
నలభై ఏళ్లలో ఎవరూ నన్ను బాతు అడగలేదు.
మొదటిది కోడిలా వచ్చింది, రెండోది చెప్పులా.
అయిదోదానికి మెడ కుదిరింది.

తెల్లారేసరికి పద్నాలుగు.
వెనక కాలుతున్న బోర్డు మీద నా హీరోయిన్ నవ్వుతూనే ఉంది.
ఆమె పంటికి కాస్త పసుపు అంటింది.
తుడవలేదు.